ఇన్సులిన్ వాడేవారు క్యాంపర్ వ్యానులో ఒంటరిగా నల్లమల వైపు వెళ్ళవచ్చా? నాకు ఎదురైన ఒక రోజు

మీ ప్రశ్నను ముందుగా నా మాటల్లో చెబుతాను. మీ వయసు 38. నాలుగేళ్ళుగా ఇన్సులిన్ తీసుకుంటున్నారు. వచ్చే ఏప్రిల్‌లో సొంత క్యాంపర్ వ్యానులో పది రోజులు ఒంటరిగా నాగార్జునసాగర్, దేవరకొండ, నల్లమల, సోమశిల, అలంపురం చూసుకుంటూ పాలమూరు చేరాలనుకుంటున్నారు. ఇంట్లో వద్దంటున్నారు. అన్నీ కలిసివచ్చిన రోజుల గురించి అందరూ రాస్తారు కానీ ఏదీ కలిసిరాని రోజు ఎలా ఉంటుందో ఎవరూ చెప్పరని, అది తెలిస్తే ధైర్యంగా నిర్ణయించుకుంటానని రాశారు.

వెళ్ళవచ్చమ్మా. మీ డాక్టరు సరేనంటే తప్పకుండా వెళ్ళండి. అయితే మూడు నియమాలు పెట్టుకోండి. రోజుకు 150 కిలోమీటర్లు దాటవద్దు. రెండు గంటలకు ఒకసారి, ఎంత బాగున్నా సరే, బండి ఆపి షుగరు చూసుకోండి. ఆ రాత్రి ఎక్కడ పడుకోవాలో మధ్యాహ్నం మూడు గంటలకల్లా తేల్చుకోండి. ఈ మూడింటిలో చివరిదాన్ని నేను ఒక రోజు పక్కన పెట్టాను. ఆ రోజు సంగతే మీకు వివరంగా రాస్తున్నాను.

నా గురించి రెండు మాటలు. ఆర్టీసీ గ్యారేజీలో 27 ఏళ్ళు మెకానిక్‌గా పనిచేశాను. మాది మిర్యాలగూడ. రిటైరయ్యాక పాత 12 సీట్ల వ్యాను కొని మంచం, పొయ్యి, ఫ్రిజ్ పెట్టించుకున్నాను. ఏడేళ్ళుగా ఏటా మూడు నాలుగుసార్లు ఒంటరిగానే తిరుగుతున్నాను. నేనూ ఇన్సులిన్ మీదే ఉన్నాను. పొద్దున, రాత్రి రెండు పూటలా మిశ్రమ రకం తీసుకుంటాను.

అది 2024 ఏప్రిల్. సాగర్‌లో రెండు రోజులు ఉన్నాను. 1955లో పునాది పడి 1967లో పూర్తయిన ఆ ఆనకట్టను ఎన్నిసార్లు చూసినా నాకు తనివి తీరదు. మూడో రోజు పొద్దున ఆరుంపావుకు బయలుదేరాను. దేవరకొండ, డిండి మీదుగా మన్ననూరు దగ్గర అడవి దారి పట్టి, సాయంత్రానికి శ్రీశైలం దారిలోని ఈగలపెంట చేరాలన్నది ఆలోచన. మంచి రోడ్డే కాబట్టి సులువైన రోజని అనుకున్నాను.

ఏడున్నరకు, కొండమల్లేపల్లి ఇంకా రాకముందే, వెనక ఎడమ చక్రం వైపు నుంచి దడదడమని శబ్దం మొదలైంది. స్టీరింగులో ఏ తేడా లేదు, సీటు కింద మాత్రం అదురు తెలుస్తోంది. అదురు స్టీరింగులో తెలిస్తే ముందు చక్రాన్నీ, సీటులో తెలిస్తే వెనక చక్రాన్నీ అనుమానించాలి. మెల్లగా పక్కకు తీసి దిగి చూశాను. టైరులో గాలి పోలేదు, పై పొర లేచి పక్కకు ఉబ్బింది. ఇంకో పది నిమిషాలు అదే వేగంతో పోనిచ్చి ఉంటే పేలిపోయేది.

ఆ టైరుకు గాట్లు నిండుగా ఉన్నాయి, చూస్తే కొత్తదిలాగే ఉంది. కానీ పక్కన ఉన్న నాలుగంకెల గుర్తు 3218. అంటే 2018వ సంవత్సరం 32వ వారంలో తయారైంది. ఆ ఏప్రిల్‌కు దాదాపు ఆరేళ్ళు. బస్సు టైరు తిరిగి తిరిగి అరుగుతుంది. మన క్యాంపర్ వ్యాను ఏడాదిలో ఎక్కువ రోజులు ఒకేచోట నిలబడి ఉంటుంది, కాబట్టి టైరు అరగకముందే రబ్బరు ముసలిదైపోతుంది. గాట్ల లోతు చూసి టైరు మార్చే అలవాటు గ్యారేజీ నుంచి తెచ్చుకున్నాను, ఆ అలవాటు ఇక్కడ పనికిరాలేదు. ఇప్పుడు ఐదేళ్ళు నిండితే గాట్లు ఎంత ఉన్నా మార్చేస్తున్నాను. మీరు వ్యాను సెకండ్ హ్యాండులో కొని ఉంటే ఈరోజే వెళ్ళి నాలుగు టైర్లతోపాటు స్టెప్నీ మీద అంకెలు కూడా చదవండి. గాలి ఎప్పుడూ పొద్దున్నే, బండి కదలకముందే చూసుకోవాలి. ఎండలో నడిచి వేడెక్కాక ఎక్కువ చూపించిందని గాలి తీసేయకూడదు.

చక్రం మార్చడానికి నాకు రెండుంపావు గంటలు పట్టింది. మామూలుగా అయితే అరగంట పని. ఎందుకు ఆలస్యమైందంటే, మొదట నట్లు కదల్లేదు. అంతకుముందు టైర్లు తిప్పిన షాపులో గాలి గన్నుతో బిగించారు, చేతి పానాకు అవి లొంగలేదు. పానాకు తొడిగే మూడడుగుల ఇనుప గొట్టం నా దగ్గర ఉంది కాబట్టి సరిపోయింది. మీరు బయలుదేరేముందు ఇంటి దగ్గరే మీ పానాతో, మీ చేత్తో, ఒక్కో నట్టును విప్పి మళ్ళీ బిగించి చూడండి. విప్పలేకపోతే గొట్టం కొనుక్కోండి. ఆ తర్వాత జాకీ. రోడ్డు పక్కనంతా చెలక నేల. బరువు పడగానే జాకీ అడుగు మట్టిలోకి దిగిపోయి బండి పక్కకు ఒరగబోయింది. దించేసి, పక్క చేనులో ఉన్న రైతు తెచ్చిచ్చిన చెక్క పలకను కింద వేసి మళ్ళీ ఎత్తాను. అడుగు పొడవు, అడుగు వెడల్పు, అంగుళంన్నర మందం ఉన్న చెక్క ఒకటి ఇప్పుడు నా సీటు కింద శాశ్వతంగా ఉంది. చక్రం నేల మీద ఉన్నప్పుడే నట్లను ఒక చుట్టు వదులు చేయాలి, ఎదురు చక్రానికి ముందూ వెనకా రాళ్ళు పెట్టాలి, జాకీ మీద ఉన్న బండి కిందకు చెయ్యి కూడా పెట్టకూడదు. ఇవి మీకు తెలిసే ఉంటాయి.

దేవరకొండ చేరేసరికి పదిన్నర. నా కొలత టైరు మొదటి షాపులో లేదు. రెండో షాపువారు ఎక్కడినుంచో తెప్పించారు. స్టెప్నీ లేకుండా అడవిలోకి వెళ్ళడం నాకు ఇష్టం లేదు, అందుకే కూర్చున్నాను. పన్నెండున్నరకు బండి ఎక్కి నీళ్ళ కోసం ఫ్రిజ్ తెరిస్తే లోపల దీపం వెలగలేదు.

ఇక్కడ బ్యాటరీ సంగతి కొంచెం చెప్పాలి. నాది 100 ఆంపియర్ అవర్ల లిథియం బ్యాటరీ, అంటే సుమారు 1,280 వాట్ అవర్లు. సాగర్‌లో రెండు రోజులూ బండిని చెట్టు నీడలోనే పెట్టాను. నాకు చల్లగా ఉంది కానీ సోలార్ పలకలకు ఎండ తగల్లేదు. మూడో రోజు పొద్దున ఛార్జి ఐదో వంతే మిగిలింది. దారిలో ఇంజిను నుంచి నిండుతుందిలే అనుకున్నాను. ఈ రకం బ్యాటరీ లోపలి వేడి 45 డిగ్రీలు దాటితే, దాని రక్షణ వలయం ఛార్జి ఎక్కడాన్ని ఆపేస్తుంది. అది మంచికే. కానీ నేను బ్యాటరీ ఉన్న పెట్టెలో ఖాళీ కనిపించిందని రెండు దుప్పట్లు కుక్కాను. టైరు కోసం రోడ్డు పక్కన, తర్వాత షాపు ముందు బండి నాలుగు గంటలకు పైగా ఎండలో ఉంది. పెట్టెలోని వేడికి బయటకు దారి లేదు. ఛార్జి ఎక్కలేదు, ఉన్నది అయిపోయింది. ఇప్పుడా పెట్టెకు రెండు వైపులా జాలీ కోయించి చిన్న ఫ్యాను పెట్టించాను, అందులో ఇంకేమీ పెట్టను.

ఫ్రిజ్‌లో తెరవని ఇన్సులిన్ పెన్నులు రెండున్నాయి. తెరవనివి 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. వాడకంలో ఉన్నదాన్ని బయట ఉంచుకోవచ్చు, అయితే 30 డిగ్రీలు దాటకూడదు. ఏప్రిల్ మధ్యాహ్నం తలుపులు మూసిన వ్యానులో 30 డిగ్రీలన్న మాటే లేదు. వెంటనే మనసులో వచ్చే ఆలోచన ఐసు. ఐసును నేరుగా తాకిస్తే ఇన్సులిన్ గడ్డకట్టి పాడవుతుంది, కరిగాక చూడటానికి మామూలుగానే ఉన్నా నమ్మకూడదు. నేను బజారులో ఒక వెడల్పాటి కుండ, దానిలో పట్టే చిన్న ముంత కొన్నాను. పక్కనే ఇల్లు కడుతున్నవారిని అడిగి ఇసుక తెచ్చుకుని పెద్ద కుండలో పోసి తడిపాను. పెన్నులను గాలి చొరని డబ్బాలో పెట్టి, ఆ డబ్బాను ముంతలో, ముంతను తడి ఇసుకలో దింపి పైన తడి గుడ్డ కప్పాను. మా అమ్మ పాలు, పెరుగు ఇలాగే కాపాడేది. గాలి పొడిగా ఉన్న మన ఎండాకాలంలో ఇది బాగా పనిచేస్తుంది. వానాకాలం ఉక్కలో అంతగా చేయదు. ఫ్రిజ్‌కు సమానం కాదు కానీ, ఒకటి రెండు రోజులు గట్టెక్కిస్తుంది. కుండను మంచం పక్కన నీడలో కదలకుండా కట్టండి. చేతిలో చిన్న థర్మామీటరు ఉంటే ఊహలతో పని ఉండదు.

ఈ హడావుడిలో ఒంటిగంట దాటింది. అన్నం తినలేదు. పొద్దున ఐదుంముప్పావుకు సూది వేసుకుని ఉప్మా తిన్నాను. మిశ్రమ ఇన్సులిన్‌లో నెమ్మదిగా పనిచేసే భాగం సరిగ్గా మధ్యాహ్నం వేళకు బలంగా ఉంటుంది. దానికి తోడు పొద్దున చక్రంతో కుస్తీ పట్టాను. ఒళ్ళు వంచి పనిచేసినప్పుడు కండరాలు రక్తంలోని చక్కెరను లాగేస్తాయి, ఆ ప్రభావం గంటల తరబడి ఉంటుంది. ఈ లెక్క నాకు తెలుసు. అయినా డిండి దగ్గర నీళ్ళు చూస్తూ తిందామని బండి తీశాను.

ఆ రోజు జరిగినవాటిలో నన్ను ఇప్పటికీ భయపెట్టేది టైరు కాదు, ఇది. చెమటలు పడుతున్నాయి. ఎండ అనుకున్నాను. మేకల మంద రోడ్డు దాటుతుంటే కాపరి మీద విపరీతమైన కోపం వచ్చి హారన్ మోగించాను. నేను ఎప్పుడూ అలా చేయను. ఒక కిలోమీటరు రాయి మీద అంకె చదివాను, అర్థం కాలేదు, అద్దంలో వెనక్కి చూసి మళ్ళీ చదవబోయాను. అప్పుడు ఫోనులో గంట మోగింది. రెండు గంటలకోసారి మోగేలా నేను పెట్టుకున్నదే. అలవాటు కొద్దీ పక్కకు ఆపి వేలు గుచ్చి చూశాను. మీటరులో 54.

పక్కన మనిషి ఉంటే "అదేమిటి, అలా ఉన్నారు?" అని అడిగేవారు. ఒంటరిగా వెళ్ళేవారికి అలా గమనించి చెప్పేవారు ఉండరు, షుగరు పడిపోయినప్పుడు మన బుద్ధి మనకే సాక్ష్యం చెప్పదు. పైగా మన ఎండాకాలంలో షుగరు పడినప్పటి చెమట, ఎండ చెమట ఒకేలా ఉంటాయి. అందుకే ఆ గమనించే పనిని గడియారానికి అప్పగించాలి. బాగోలేదనిపిస్తే చూసుకుందామంటే కుదరదు, గంట మోగితే చూసుకోవాల్సిందే.

డ్రైవరు తలుపు అరలో చక్కెర సీసా ఎప్పుడూ ఉంటుంది. వెనక అల్మరాలో పెట్టకండి, ఆ సమయంలో లేచి వెనక్కి వెళ్ళడం కూడా పెద్ద పనే. మూడు చెంచాల చక్కెర నీళ్ళలో కలిపి తాగాను. పావుగంట ఆగి చూస్తే 71. మళ్ళీ తాగాను. ఇంకో పావుగంటకు 96. అప్పుడు పెరుగన్నం తిన్నాను. అంకె బాగుపడినా ముప్పావు గంట వరకు నేను బండి కదిలించను, తల తేరుకోవడానికి అంకె కంటే ఎక్కువ సమయం పడుతుంది. 90కి తక్కువ ఉంటే అసలు ఇంజిను వేయను. ఇవి నా పద్ధతులు, మీ మోతాదులు, మీ హద్దులు మీ డాక్టరుతో కూర్చుని రాయించుకోండి. శ్రమ ఎక్కువైన రోజున ఏం చేయాలో ప్రత్యేకంగా అడగండి.

డిండి చేరేసరికి మూడున్నర. నా నియమం ప్రకారం ఆ రాత్రికి అక్కడే ఆగిపోవాలి. పొద్దుటి నుంచి టైరు, బ్యాటరీ, ఒళ్ళు, మూడూ హెచ్చరించాయి. కానీ మన్ననూరు గంట దారే కదా, అక్కడి అడవి గేటు రాత్రి తొమ్మిదికి గదా వేసేది అనుకుని బయలుదేరాను.

నాలుగున్నరకు పడమర నల్లబడింది. మన వైపు ఏప్రిల్, మే నెలల్లో ఎండ ముదిరిన రోజున సాయంత్రం ఇలాంటి గాలివాన వస్తుందని మీకూ తెలుసు. ఎర్రటి దుమ్ము ముందు లేచింది. వ్యాను ఎత్తు ఎక్కువ కాబట్టి పక్కగాలి దాన్ని తెరచాపలా నెడుతుంది. చెట్లు, హోర్డింగులు, కరెంటు తీగలు లేని చోటు చూసి, బండి ముక్కు గాలికి ఎదురుగా ఉండేలా ఆపాను. పైకప్పు కిటికీ మూశాను. బండి రేకుది కాబట్టి పిడుగుకు లోపలే క్షేమం, ఇనుము తాకకుండా కూర్చోవాలి. మీ వ్యాను పైభాగం ఫైబరుది అయితే ఈ ధైర్యం పెట్టుకోకండి, దగ్గరలోని పక్కా భవనంలోకి వెళ్ళండి. ముప్పావు గంట వడగళ్ళు. వాన తగ్గాక కొంత దూరం వెళితే పెద్ద తుమ్మ రోడ్డుకు అడ్డంగా పడి ఉంది. ఊరివాళ్ళు గొడ్డళ్ళతో వచ్చారు, తర్వాత జేసీబీ వచ్చింది. దారి తెరుచుకునేసరికి ఏడుంబావు.

మన్ననూరు చెక్‌పోస్టు దగ్గరికి ఎనిమిదీ పదికి వచ్చాను. గేటు తెరిచే ఉంది. రాత్రి తొమ్మిది నుంచి పొద్దున ఆరు దాకా మూసేస్తారు, అంటే నాకు ఇంకా యాభై నిమిషాలు ఉన్నాయి. ముందున్న కార్లు వెళ్ళిపోతున్నాయి. నన్నూ ఎవరూ ఆపలేదు. ఆ గేటు దాటితే అమ్రాబాద్ పులుల అభయారణ్యం, 2,600 చదరపు కిలోమీటర్లకు పైగా అడవి. చాలా దూరం ఫోను పనిచేయదు. మధ్యలో ఆగకూడదు, దారిలో ఘాట్ మలుపులు. జింకలు, అడవి పందులు రాత్రిపూట రోడ్డు మీదికి వస్తాయి, మన బండి వల్ల వాటికి ప్రాణాపాయం. నేను పొద్దున నాలుగున్నరకు లేచాను, మధ్యాహ్నం 54కు పడ్డాను, ఆ చక్రం నట్లు మళ్ళీ బిగించుకోలేదు. గేటు ముందు బండి తిప్పుకున్నాను. మీకు కూడా ఇదే చెబుతున్నాను: గేటు తెరిచి ఉందా అన్నది మీ ప్రశ్న కాకూడదు, సాయంత్రం నాలుగు లోపు వచ్చానా అన్నదే మీ ప్రశ్న కావాలి. నాలుగు దాటిపోతే అచ్చంపేట వైపు వెనక్కి వచ్చేయండి.

హైవే మీద ఒక పెట్రోలు బంకులో మేనేజరును అడిగి, డీజిలు పోయించుకుని, లారీల వరుస చివర ఆపాను. బంకులో పొయ్యి వెలిగించకూడదు, అది తెలియక వంట మొదలుపెట్టేవారిని చూశాను. పక్క హోటలులో జొన్నరొట్టె, పప్పు తిని సూది వేసుకున్నాను. మా పెద్దమ్మాయి కూడా ఒంటరిగా వ్యానులో తిరుగుతుంది. తను మాత్రం బంకుల్లో ఆగదు. సాగర్, సోమశిల, అలంపురంలో టూరిజంవారి హరిత హోటళ్ళున్నాయి, ముందే ఫోను చేసి ఆవరణలో బండి పెట్టుకుంటామని అడుగుతుంది, లేదంటే గది తీసుకుంటుంది. ఎవరడిగినా వెనక బండిలో మావాళ్ళు వస్తున్నారని చెబుతుంది. రాత్రి డ్రైవరు సీటు మీద ఏ సామానూ ఉంచదు, లేచిన వెంటనే కిందికి దిగకుండానే బండి తీసుకుపోగలగాలని. మీకు నా పద్ధతి కంటే తన పద్ధతి మంచిది.

మీ దారిలో ఇంకో రెండు విషయాలు. మొదటిది నీళ్ళు. మర్రిగూడ, చండూరు, మునుగోడు ప్రాంతాల బోరు నీళ్ళతో తాగునీటి ట్యాంకు నింపకండి. ఫ్లోరైడు మరిగిస్తే పోదు, నీరు ఆవిరైన కొద్దీ ఇంకా చిక్కబడుతుంది. సున్నం, పటికలతో ఫ్లోరైడు తీసే పద్ధతికి నల్లగొండ పేరే పెట్టారంటే ఆ బాధ ఎంతటిదో తెలుసుకోండి. తాగడానికి మిషన్ భగీరథ పథకం నల్లా నీళ్ళు లేదా క్యాను నీళ్ళు, కడగడానికి ట్యాంకు నీళ్ళు. రెండోది సోమశిల. ఏప్రిల్‌కు శ్రీశైలం జలాశయం వెనక నీరు తగ్గి ఒడ్డు బయటపడుతుంది, ఎదుటి వైపు సప్తనది సంగమేశ్వరం గుడి తేలే కాలం కూడా అదే. ఎండి నెర్రెలిచ్చిన ఆ నేల గట్టిగా కనిపిస్తుంది. పైపొర కింద బురద ఉంటుంది. నీటి అంచు దాకా వ్యాను దించకండి, నడిచి వెళ్ళండి.

మరునాడు పొద్దున ఐదున్నరకు లేచి షుగరు చూసుకుంటే 118. ముంతలో థర్మామీటరు 24 చూపించింది, వాన పడ్డ రాత్రి కాబట్టి. ఆ తర్వాత పానా తీసుకుని మార్చిన చక్రం దగ్గర కూర్చున్నాను. చక్రం మార్చాక 50 కిలోమీటర్ల లోపే నట్లు మళ్ళీ బిగించాలి, నేను అంతకు రెట్టింపు వచ్చాను. ఆరింటిలో రెండు నట్లు పావు చుట్టు తిరిగాయి. ఆరున్నరకు అదే గేటు దాటి అడవిలోకి వెళ్ళాను.

మీ వ్యాను ఏ సంవత్సరానిదో, టైర్ల మీది అంకెలు ఎంతో, బ్యాటరీ ఎక్కడ బిగించారో ఇక్కడే రాయండి. లోపల మంచం, పొయ్యి బిగించిన మార్పులు ఆర్సీలో నమోదయ్యాయో లేదో కూడా చెప్పండి. చూసి, బయలుదేరేముందు ఏవి మార్చుకోవాలో రాస్తాను.